దెబ్బలు ముట్టినవి

చిట్టెమ్మ మా ఇంటికి వచ్చిన రోజున లిఫ్టు శుభ్రంగా పనిచేస్తూనే ఉంది. అయినా పదకొండు అంతస్తులూ మెట్లెక్కే వచ్చింది. తలుపులు వాటంతటవే మూసుకునే పెట్టెలో అది నిలబడలేదు. ఎందుకో నాకు తెలుసు, ఆ సంగతి తర్వాత చెబుతాను. దాని కొడుకు ఇక్కడే, సింగపూర్ జురాంగ్ ఐలాండ్‌లో ఏదో ప్లాంటులో ఇంజనీరు. డ్యూటీకి పోతూ దాన్ని మా బ్లాకు కింద దింపి, "అమ్మా, పదకొండో నంబరు నొక్కు" అని వేలుపెట్టి మరీ చూపించి వెళ్ళాడట. ఇది బుద్ధిగా తలూపి, వాడు మలుపు తిరగగానే మెట్లు పట్టుకుంది. మా గుమ్మంలో కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఒసే రాజీ, ఇది కొంపా కొబ్బరిసెట్టా?" అంది. ఇన్నేళ్ళూ ఎప్పుడో ఒకసారి ఫోన్లో వినే గొంతు ఎదురుగా కూర్చునేసరికి నాకు బావురుమని ఏడుపొచ్చింది. "నీళ్ళియ్యవే ముందు, ఏడుపు తర్వాత" అంది అది.

మనవాళ్ళెవరు ఊరి నుంచి వచ్చినా సీసాలకొద్దీ పచ్చళ్ళు తెస్తారు. చిట్టెమ్మ పచ్చడి తేలేదు, పచ్చడి వాసన తెచ్చింది. పాతచీర ముక్కలో చుట్టిన మూట విప్పగానే మా హాలంతా ఆవపిండి, మెంతిపిండి, ఊరిన మామిడి టెంక కలిసిన వాసన కొట్టింది. లోపల ఒక లావుపాటి రిజిస్టరు. అట్ట సగం నూనె తాగి నల్లబడింది, సగం చీమలు తిన్నాయి. తెరిచాను. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో, ఎర్రగీత కొట్టి, "శిక్షల రిజిస్టరు" అని ఉంది. ఆ అక్షరాలు నావే. పదకొండేళ్ళ వయసులో నా చేత్తో నేను రాసినవి. కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాను.

"నీ దగ్గరికెలా వచ్చిందే ఇది?"

"సదనం నించి ఎల్లిపోయిన రోజున ఏదో ఒకటి దొంగతనం సెయ్యాలనిపించినాది. గిన్నె తీస్తే లెక్కలో దొరికిపోతాను. పుస్తకం ఎవులు సూస్తారు? అత్తోరింట్లో ఆవకాయ జాడీ మూత మీద బరువు పెట్టుకున్నాను. రాయికంటే మేలు, జారదు."

మా అమ్మాయికీ అల్లుడికీ నేను చిన్నప్పుడు హాస్టల్లో చదివానని మాత్రమే తెలుసు. హాస్టలంటే వాళ్ళు తెల్లటి గౌన్లూ, పియానో, ఆదివారం కేకూ ఊహించుకున్నారు, నేను దిద్దలేదు. నిజానికి అది అనాథ బాలికల సదనం. ఒక కమిటీ నడిపేది, ప్రభుత్వం గ్రాంటు ఇచ్చి ఏటా తనిఖీ చేసేది. అమ్మానాన్నా లేనివాళ్ళూ, ఉన్నా లేనట్టే ఉన్నవాళ్ళూ, మొత్తం నలభైమంది పిల్లలం. పొద్దున్నే వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద సుత్తితో కొట్టేవారు. ఆ మోతకి లేచి, బొగ్గుపొడితో పళ్ళు తోముకుని, రాగి అంబలి కోసం వరసలో నిలబడేవాళ్ళం. నలభై తలలకి ఒకే కొబ్బరినూనె సీసా. ఫినాయిలూ, తడిసిన గోనెసంచులూ, నూనె తలలూ కలిసిన ఆ వాసన ఇప్పటికీ ఇక్కడ ఏ పాత మార్కెట్టు వెనక సందులోనో హఠాత్తుగా తగులుతుంది. నేను బుట్ట పట్టుకుని కాసేపు ఆగిపోతాను. మా మనవరాలు మేఘన, "అమ్మమ్మా, వై యూ స్టాప్?" అని చెయ్యి లాగుతుంది.

మా మేట్రన్‌గారిని అమ్మగారూ అని పిలవాలి. ఐదడుగుల మనిషి, తెల్లచీర, దారంతో కట్టుకున్న కళ్ళజోడు. ఆవిడకి దేవుడంటే ఒక మోస్తరు భయం, తనిఖీ అంటే విపరీతమైన భయం. ఏది జరిగినా కాగితం మీద ఉండాలి. బియ్యానికో పుస్తకం, కిరసనాయిలుకో పుస్తకం, పేలదువ్వెనలకో పుస్తకం. అలాగే దెబ్బలకీ ఒక పుస్తకం. ఇంతవరకూ ఇంకే సదనంలోనూ ఇలాంటిది ఉన్నట్టు నేను వినలేదు. గళ్ళు ఐదు: వరుస సంఖ్య, పేరు, నేరం, శిక్ష, శిక్ష ముట్టినట్టు సంతకం. కొట్టడం అయ్యాక మేం అరచేతులు లంగాకి రాసుకుని, కలం పుచ్చుకుని, "మూడు దెబ్బలు ముట్టినవి" అన్నచోట సంతకం పెట్టాలి. పెట్టేటప్పుడు సిరా ఒలికితే దానికి ఇంకో వరుస సంఖ్య.

నా చేతిరాత బాగుంటుందని ఆ పుస్తకం నాకు అప్పగించారు. అమ్మగారు చెప్పేవారు, నేను రాసేదాన్ని. నేను గొప్ప హోదా అనుకున్నాను. ఎందుకంటే రాసిన రోజున నా కంచంలో పులుసు రెండు గరిటెలు పడేది, రెండో గరిటెలో ఒక ములక్కాడ ముక్క కూడా ఉండేది. ఇప్పుడు పేజీలు తిప్పుతుంటే ఒక పక్క నవ్వాగలేదు. "ప్రార్థనలో నవ్వినందుకు, రెండు." దాని కిందే "ఎందుకు నవ్వినదో చెప్పనందుకు, రెండు." ఇంకోచోట "పాయసం రోజున జడ మార్చుకుని రెండవసారి వరుసలో నిలబడినందుకు, నాలుగు." ఒక పేజీలో నా పేరే, నా రాతే: "రాజేశ్వరి, రిజిస్టరులో ఒత్తు మరచినందుకు, ఒకటి." అది రాసేటప్పుడు ఒత్తులన్నీ ఎంత ఒత్తి పెట్టానో, కాగితం వెనక్కి చిల్లు పడింది.

సామాన్ల గది గురించి మాత్రం నవ్వుతూ రాయలేను. బియ్యం బస్తాల గది, కిటికీ లేదు. పక్క తడిపిన పిల్లల్ని, ఎదురు చెప్పినవాళ్ళని దాంట్లో పెట్టి బయట గడియ పెట్టేవారు. ఎంతసేపో ఆ పుస్తకంలోనే ఉంది, "మధ్యాహ్న భోజనం మొదలు రాత్రి గంట వరకు" అని. చిట్టెమ్మ పేరు ఆ గడిలో లెక్కపెట్టబోయి మానేశాను. అది మెట్లెక్కి ఎందుకొచ్చిందో ఇప్పుడు చెప్పక్కర్లేదు కదా.

ఏడాదికోసారి ప్రభుత్వం తరఫున ఇన్‌స్పెక్టరుగారు కారులో వచ్చేవారు. ఆ రోజున మాకు ఉతికిన బట్టలు, గుమ్మానికి మామిడాకులు, వంటింట్లో కోడికూర. కూర ఆయనకి, వాసన మాకు. మేం వరసగా నిలబడి "సుఖంగా ఉన్నాం సార్" అని ఒకే గొంతుతో అనాలి. ఒక ఏడు ఆయన కోడి తిన్న సంతోషంలో, "ఏమ్మా, ఎవరికైనా ఏమైనా ఇబ్బందా?" అని అడిగాడు. ఎవరూ నోరు విప్పని చోట చిట్టెమ్మ చెయ్యెత్తి, "పులుసులో ముక్క ఉండట్లేదండీ" అంది. ఆయన పడీపడీ నవ్వి, "పిల్లలు చలాకీగా ఉన్నారు" అని రాసి, ఒక్కో పుస్తకంలో ప్రతి పేజీ అడుగునా ఆకుపచ్చ సిరాతో "చూచితిని" అని సంతకం పెట్టి, ముద్ర వేసి వెళ్ళాడు. శిక్షల పుస్తకంలో కూడా. దాన్ని ఆయన తెరిచినప్పుడు నేను పక్కనే ఉన్నాను. "రాత ముత్యాల్లా ఉంది, ఎవరిది?" అని అడిగి నా బుగ్గ తట్టాడు. ముక్క సంగతి అడిగినందుకు చిట్టెమ్మకి ఆ సాయంత్రం ఆరు ముట్టాయి.

ఇక దాని చెవి. ఒక వేసవిలో బావి దగ్గర ఇత్తడి బిందె జారవిడిచి సొట్ట పెట్టింది. అమ్మగారు దాన్ని ఎడమ చెంప మీద రెండుసార్లు కొట్టారు. చెయ్యి పైకి లేవడం నాకు ఇప్పటికీ కనబడుతుంది. చెవిలోంచి నెత్తురొచ్చింది. మూడు రోజులు తల పట్టుకుని తిరిగింది, నాలుగోరోజు నుంచి ఎడమవైపు ఏం చెప్పినా పలకడం మానేసింది. తర్వాత ఆస్పత్రికి తీసుకెళ్ళినప్పుడు అమ్మగారు "పుట్టుకతోనేనండీ" అని చెప్పారు. అంతే, ఆ మాట దాని వెంటపడింది. సదనం కాగితాల్లో పుట్టుకతో, బడి కాగితాల్లో పుట్టుకతో, పెద్దయ్యాక తీసుకున్న వికలాంగుల సర్టిఫికెట్టులో పుట్టుకతో. చెవిటిపిల్లకి చదువెందుకని వంటింట్లో వేశారు. దానికి వచ్చిన అక్షరాలు మూడే, తన పేరులోవి. అవి కూడా శిక్షల పుస్తకంలో సంతకాలు పెట్టీ పెట్టీ నేర్చుకున్నవి.

పెళ్ళయ్యాక అత్తగారు పుట్టుచెవిటిదాన్ని మాకు అంటగట్టారని ఊరంతా చెప్పుకుంది. కొడుకు పుడితే వాడికీ చెవుడేమోనని నెల్లాళ్ళపాటు ఇంటిల్లిపాదీ వాడి వెనకాల కంచాలు మోగించారట. "ఆ సప్పుడికి పిల్లడు ఉలిక్కిపడి ఏడిసేటోడు. ఆడు ఏడిస్తే మా అత్త దండం ఎట్టేది. ఎలాటి ఇల్లే అది!" అని చిట్టెమ్మ ఇప్పుడు నవ్వుతుంది. అప్పుడు నవ్వలేదని నాకు తెలుసు. ఈసారి కోడలి పురిటికి సింగపూర్ వచ్చింది కదా, మనవరాలు పుట్టగానే ఆస్పత్రిలో ఫారం ఇచ్చారు, కుటుంబంలో పుట్టుకతో చెవుడు ఉందా అని. కోడలు ఒక్క క్షణం ఆలోచించి ఉంది అని టిక్కు పెట్టింది. ఆ టిక్కు దేనికో తెలిసి, చిట్టెమ్మ ఊరినుంచి పెట్టెలో మోసుకొచ్చిన రిజిస్టరు బయటికి తీసింది.

"అక్కడ మన దేశంలో ఏదో పథకం పెట్టారటే," అని చెప్పింది. "సదనాల్లో మనలాటోలికి జరిగినదానికి. డబ్బులిస్తారట, అది మావోడు సూసుకుంటాడు. ఉత్తరం కూడా ఇస్తారట, సర్కారోలు తప్పయిపోనాదని. నాకు ఆ ఉత్తరం గావాల. పుట్టుకతో కాదు అని అందులో ఉండాల. కోడలికి సూపిస్తాను. ఆ టిక్కు కొట్టేయిస్తాను. నువ్వే రాయాల, పుస్తకం నీదే గదా."

నేను రాయకపోతే ఇంకెవరు రాస్తారు? ఈ ఊళ్ళో నా పేరే ఫారం ఆంటీ. తువాస్ ఓడల యార్డులో మా ఆయన ఫోర్‌మన్‌గా ఉన్న రోజుల్నుంచీ మన కుర్రాళ్ళకి కాగితాలు రాసిపెడుతున్నాను. ఇప్పటికీ ఆదివారం వస్తే బస్సెక్కి కూలీ కుర్రాళ్ళుండే క్రాంజీ డార్మిటరీకి వెళ్ళి, సిమెంటు బల్ల మీద కూర్చుని, ఒకరి సెలవు అర్జీ, ఒకరి చేతికి దెబ్బ తగిలిన సంగతీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి వస్తాను. "ఏ రోజు జరిగింది, ఎవరు చూశారు, నిజం చెప్పు నాయనా" అని గద్దించి మరీ రాస్తాను. అలాంటి నాకు చిట్టెమ్మ తెచ్చిన ఫారం చూస్తే తల తిరిగింది. ఎనిమిదో ప్రశ్న: సంఘటన జరిగినప్పుడు సాక్షులు, వారి హోదా, కార్యాలయ చిరునామా. తొమ్మిదో ప్రశ్న: అన్యాయాన్ని యాభై మాటలకు మించకుండా వివరించండి. చిట్టెమ్మ చెప్పడం మొదలుపెట్టి, బిందె దగ్గరికి వచ్చేసరికే టీ రెండుసార్లయింది. పదో ప్రశ్న: మానసిక క్షోభ తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా, ఒకదానికి టిక్కు.

"ఎక్కువ అంటే ఎంతే?" అని అడిగింది.

"నీకు ఎంత ఉంటే అంత."

"కొన్ని రోజులు ఉండదు మరి. బోయినం బాగుంటే ఉండదు. ఒక గడిలో ఎలా సెప్తాను? సోమారం, మంగళారం అని గడులు ఎట్టలేదేటి?"

సరే, ఎక్కువ అని పెట్టి, బిందె రోజు పేజీ వెతకడం మొదలుపెట్టాను. నూనెకి అంటుకుపోయిన పేజీలు మేఘన స్కేలుతో ఒక్కొక్కటే విడదీస్తోంది. దొరికింది. నా ముత్యాల్లాంటి అక్షరాలే. "చిట్టెమ్మ. బిందె సొట్ట పెట్టినది. తానుగా జారిపడినది. ఎడమ చెవికి దెబ్బ. శిక్ష లేదు." కింద మూడక్షరాల సంతకం. దాని కింద పేజీ అడుగున ఆకుపచ్చ సిరాతో "చూచితిని".

 అమ్మగారు చెప్పారు, నేను రాశాను. చెంపదెబ్బ నాకు ఇన్నేళ్ళూ గుర్తుంది, ఈ వాక్యం రాసిన సంగతి మాత్రం తుడిచిపెట్టుకుపోయింది. ఆ రోజు పులుసు రెండు గరిటెలు తినే ఉంటాను, ఆ గుర్తు కూడా లేదు. చదవడం రాని మనిషి ఇందులో తన సాక్ష్యం ఉందని నమ్మి యాభై ఏళ్ళు ఈ పుస్తకాన్ని జాడీ మీద మోసింది. ఆ పుస్తకంలో సరిగ్గా కావాల్సిన చోటే అబద్ధం ఉంది, రాసింది నేను.

"దొరికినాదా?" అంది కుర్చీలోంచి.

"ఆ పేజీ అంటుకుపోయిందే, రేపు చూద్దాం" అన్నాను. మేఘన నావైపు వింతగా చూసింది. దానికి తెలుగు చదవడం రాదు గానీ విడిపోయిన పేజీ కళ్ళెదురుగా కనబడుతోంది. మర్నాడు కళ్ళజోడు పగిలిందన్నాను. ఆ మర్నాడు కళ్ళజోడు పెట్టుకునే తలుపు తీసి, తలనొప్పి అన్నాను. అది రోజూ పదకొండు అంతస్తులు ఎక్కడం, నేను రోజూ ఒక సాకు చెప్పడం. నాలుగోరోజు దానికి ఆయాసంతో మాట రావడంలేదు. గుమ్మం పట్టుకుని వగరుస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసి, నీళ్ళయినా ఇవ్వకుండా మొత్తం చెప్పేశాను. పేజీ చదివి వినిపించాను, కుడిచెవి వైపు కూర్చుని.

పుస్తకం లాక్కుని, ఆ పేజీలో తన సంతకం మీద వేలు పెట్టి చూసింది. తర్వాత, "దొంగముండా" అంది మెల్లిగా. "పులుసు కోసమేనేటే?"

"భయం కూడా ఉంది. కానీ పులుసు కూడా ఉంది."

లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు రాలేదు. నేను వండలేదు, మా అమ్మాయి కింద హాకర్ సెంటర్లో తిండి దుకాణాల నుంచి ఏదో తెచ్చి పెడితే మింగుడుపడలేదు. ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, హాస్టలు కాదు సదనం అని, పియానో లేదని, రైలుపట్టా ఉండేదని మొత్తం చెప్పాను. మా అమ్మాయి ఏడ్చింది. మేఘన, "సో నోబడీ కంప్లెయిన్ ఆ?" అని అడిగింది. వాళ్ళ బళ్ళో టీచరు గొంతు పెంచితే చాలు, సాయంత్రానికల్లా ఇంటికి వివరణ ఉత్తరం వస్తుంది. నేను ఎప్పుడూ ఇక్కడి పిల్లల సుకుమారాన్ని వెక్కిరించేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ ఉత్తరాలు గుర్తొచ్చి కడుపు మండిపోయింది. మాకూ ఒక మనిషి వచ్చి అడిగాడు కదా, ఏమైనా ఇబ్బందా అని. కోడికూర తిని మరీ అడిగాడు.

మూడోరోజు చిట్టెమ్మ వచ్చింది. ఎంత కోపం ఉన్నా మెట్లే. "నీ సేత్తో రాసినావు గదా," అంది గుమ్మంలోంచే. "నీ నోటితోనే దిద్దు. ఆ ఆపీసరోడి ముందర సెప్పు, నానే రాసినాను, అబద్ధం అని. సెప్తే వచ్చి నీ ఇంట్లో కాఫీ తాగుతాను. నేపోతే నాకు నువ్వూ వద్దు, నీ కొబ్బరిసెట్టూ వద్దు." చెబుతానని ఒట్టు పెట్టాను. ఫారంలో నా పేరు సాక్షిగా రాశాను. హోదా దగ్గర చాలాసేపు ఆలోచించి, "శిక్షల రిజిస్టరు రాసిన పిల్ల" అని పెట్టాను.

ఫారం, రిజిస్టరు కాపీ పంపిన కొన్నాళ్ళకి అక్కడి శాఖవాళ్ళు విచారణ కంప్యూటర్ మీద పెట్టారు. తెరమీద ఒక కుర్ర అధికారి, మర్యాదగానే ఉన్నాడు. మొదటి పావుగంట ఆయన మాట మాకు వినబడలేదు, తర్వాతి పావుగంట మా మాట ఆయనకి వినబడలేదు. "నాకు ఎప్పుడూ ఇలాగే ఉంటాది బాబూ, అలవాటు సేసుకోండి" అంది చిట్టెమ్మ. ఆయన దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"మేడం, స్క్రూటినీలో ఒక అభ్యంతరం వచ్చింది. మీరు పంపిన రిజిస్టరు కాపీ, ఈ అప్లికేషన్, రెండూ ఒకే చేతిరాతలో ఉన్నాయి. అంటే రిజిస్టరు ఈమధ్యనే తయారుచేశారేమో అని..."

"నాయనా, పదకొండేళ్ళప్పటి నా రాత ఇప్పటికీ చెక్కుచెదరలేదంటే మెచ్చుకోవాల్సింది పోయి అభ్యంతరం పెట్టారా? రెండూ నేనే రాశాను. ఒకటి కర్ర పట్టుకుని రాయించారు, ఇంకోటి ఇష్టపడి రాశాను. ఆవకాయ నూనె ఇంకడానికి ఎన్నేళ్ళు పడుతుందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు."

ఆయన మొహం దించుకుని ఏదో రాసుకున్నాడు. "రెండోది మేడం, సదనాన్ని నడిపింది కమిటీ. ప్రభుత్వానిది గ్రాంటు వరకే. బాధ్యత విషయంలో..."

"ప్రతి పేజీ చివర ఆకుపచ్చ సిరా చూశావా? ఏటా మీ శాఖ మనిషి కారులో వచ్చి, కోడికూర తిని, ఆ పుస్తకం తెరిచి, చూచితిని అని ముద్రవేసి వెళ్ళాడు. ఆ సిరా మీదా, కమిటీదా? కొట్టింది అమ్మగారే, నేను కాదనను. చూసింది మీరు. చూశామని సంతకం కూడా పెట్టారు."

ఆయన తన ముందున్న కాపీలో పేజీలు తిప్పాడు. తర్వాత ఆయన మెల్లిగా, "కానీ అమ్మా, చెవి సంగతి మీ రిజిస్టరులోనే జారిపడినది అని ఉంది కదా" అన్నాడు. మేడం పోయి అమ్మా అయింది. చిట్టెమ్మ నావైపు తిరిగింది.

నేను చెప్పాను. అది అబద్ధమని, అమ్మగారు చెబితే నేనే రాశానని, రెండు చెంపదెబ్బలు నా కళ్ళతో చూశానని, రాసినందుకు నాకు పులుసు ఎక్కువ పోసేవారని. ఏడ్చాను కూడా, ఎక్కడా ఆపలేదు. చెబుతూ ఉండగానే నాకు తట్టింది. "ఒక్కమాట బాబూ. మీ రికార్డులో పుట్టుకతో చెవుడని ఉంది. మీ శాఖ మనిషి చూచితిని అన్న పేజీలో జారిపడి ఎడమ చెవికి దెబ్బ అని ఉంది. పుట్టుకతో చెవిటిదైతే ఆ రోజు కొత్తగా చెవికి ఏమైనట్టు? మీ రెండు అబద్ధాలకీ ఒకదానితో ఒకదానికి పొత్తు కుదరట్లేదు. ఏదో ఒకటి కొట్టెయ్యండి. రెండూ కొట్టేస్తే ఇంకా మంచిది."

ఆయన చాలాసేపు రాసుకుని, నమస్కారం పెట్టి, తెర ఆపేశాడు. చిట్టెమ్మ కదలకుండా కూర్చుని, "కాఫీ ఎట్టవే, సెక్కెర ఎక్కువ" అంది.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. మేఘన ప్రింటు తీసింది. నేను చదివాను: "సదరు సంఘటన ఒకవేళ జరిగి ఉన్నచో, అందుకు శాఖ చింతిస్తున్నది." అడుగున చుక్కల గీత, దాని కింద ఒక చీటీ: "పై లేఖ నాకు ముట్టినది. సంతకం." చిట్టెమ్మకి ఆ చివరి మాట వినగానే నవ్వు పుట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "సూడవే, దెబ్బ కొట్టినా సంతకమే, చింత పడినా సంతకమే!" అంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఒకవేళ ఏటి? నా సెవి ఒకవేళ పోనాదా? ఎట్టను సంతకం. తిరగ్గొట్టు." ఇంట్లోవాళ్ళందరూ చెప్పారు, వచ్చిందే గొప్ప, సంతకం పెట్టకపోతే ఫైలు మూసేస్తారు, డబ్బు కూడా ఆగిపోతుంది అని. కొడుకు వచ్చి బతిమాలాడు. అది వినలేదు. ఎవరు గట్టిగా చెబితే వాళ్ళవైపు ఎడమచెవి తిప్పి కూర్చుంది. అప్పుడు నేను మంచి కాగితం తీసి, ఒత్తులన్నీ ఒత్తి పెట్టి రాశాను: ఒకవేళ అన్నమాట తీసేస్తే తప్ప మాకు ముట్టలేదు.

దాని తిరుగు ప్రయాణానికి నాలుగు రోజులుందనగా రెండో ఉత్తరం వచ్చింది. ప్రింటు ఇంకా వెచ్చగా ఉండగానే దాన్ని పిలిచాను. ఆ రోజు పదకొండు అంతస్తులూ ఎంత తొందరగా ఎక్కిందో, వచ్చి నిలబడి మాట్లాడలేక చేత్తోనే చదవమని సైగ చేసింది. నేను అలవాటుగా దాని కుడివైపు కుర్చీ జరుపుకున్నాను. అది వద్దని తలూపి, జుట్టు వెనక్కి తోసుకుని, ఎడమవైపు చూపించింది.

"అమ్మమ్మా, దట్ సైడ్ కెనాట్ హియర్ లా!" అని అరిచింది మేఘన.

"తెలుసే పిల్లా, ఇనబడదు," అంది చిట్టెమ్మ. "దెబ్బ తిన్నాది ఇదే గదా. సమాపణ దీనికి సెప్పాల. నాకు తర్వాత సదువుదుగాని."

నేను లేచి అటువైపు వెళ్ళి, ఆ చెవి దగ్గరికి వంగి, గట్టిగా చదివాను. మా శాఖ చూచిన సదనంలో మీ మీద చెయ్యి చేసుకోవడం వల్ల మీ చెవి పోయినది, పుట్టుకతో వచ్చినది కాదు, చూచి కూడా మేము ఊరుకున్నాము, అందుకు క్షమాపణ కోరుతున్నాము. ఎదురింటి మలయ్ ఆవిడ తలుపు తీసి ఏమైందో అని తొంగిచూసింది. చిట్టెమ్మ కళ్ళు మూసుకుని, ఆ చెవికి వినబడుతున్నట్టే తలూపుతూ, చివరిదాకా విన్నది.